నిండిన బెంచీలు

ఆసుపత్రి మేనేజరు నోరు కోడలు మూయించిన పూట అత్తగారు అక్కడే ఉంది, మోకాలి నొప్పితో వరసలో కూర్చుని. కోడలు అక్కడ కంప్యూటర్లు చూసుకుంటుంది. రోగుల వివరాలు దాచే డిస్కు నిండిపోవచ్చింది, ఇంకొకటి కావాలని అడిగేసరికి ఆయన ఇంతెత్తున లేచాడు. వచ్చిన రోగులు ఇంతమందేగా, చోటంతా ఎవరు మింగారన్నాడు.

"మీరడిగిన ఇండెక్సులే సార్, వెతకడానికి విడిగా రాసుకునే జాబితాలు," అంది కోడలు.

పేరుతో వెతకాలన్నారు, ఫోను నంబరుతో అన్నారు, ఊరితో అన్నారు, చివరికి వెంట వచ్చినవాళ్ళ పేరుతో కూడా అన్నారు. ఒక్క రోగి చేరితే ఆ నాలుగింట్లోనూ చోటివ్వాలి. అదీ చివర్న కాదు, వరసలో ఎక్కడుండాలో అక్కడే. నిండిన బెంచీ మధ్యలో కొత్తమనిషిని ఇరికించాలంటే సగంమందిని లేపి ఇంకో బెంచీ వెయ్యాలి. అప్పుడు రెండూ సగం ఖాళీయే. మనుషులకంటే బెంచీలే ఎక్కువ చోటు తినవూ? అంటూ అత్తగారు కూర్చున్న బెంచీనే చూపించింది.

మేనేజరు అక్కర్లేనిది తీసెయ్యమన్నాడు గానీ, రేపు వరస ఆగితే పూచీ నీదేనని అంటగట్టి మరీ లోపలికి పోయాడు.

గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని ఊరికే అన్నారా? వెంట వచ్చినవాళ్ళ పేర్ల ఇండెక్సు తీసేసి వచ్చిన దగ్గర్నుంచీ కోడలు కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. అసలే తాళం వేసి మూడుసార్లు లాగి చూసే రకం. పొయ్యి మీద పాలు పెట్టి వరండాలోకి పోయింది. పొంగుతుంటే అత్తగారే దించింది.

ఇకమీదట ఆ పేరుతో ఎవరైనా వెతికిస్తే, యంత్రం రోగులందరినీ ఒక్కొక్కరినే చూసుకుంటూ పోవాలట. జనం లేనప్పుడు బాగానే దొరికింది గానీ, పొద్దుటి తాకిడికి తట్టుకుంటుందో లేదో. కౌంటరు వాళ్ళనడిగితే మొహమాటానికి బాగుందనే అంటారట.

"అంతలా నోరు పారేసుకున్నదానివి, ఇప్పుడీ వణుకేమిటే?" అంది అత్తగారు.

కోడలు తిరగడం మానేసి ఆవిడ ముందుకొచ్చి కూర్చుంది.

"రేపు పొద్దున్నే వచ్చి వరసలో నిలబడండి అత్తయ్యా. మీ పేరొద్దు, మీ అబ్బాయి పేరొక్కటే చెప్పండి, మొదట మిమ్మల్ని తీసుకొచ్చింది ఆయనేగా. ఎంతకీ దొరక్కపోతే ఆ పేర్ల ఇండెక్సు మళ్ళీ పెట్టి ఊళ్ళది తీసేస్తాను. ఆలస్యమయిందా, కోడల్నని చూడకండి. ఇంట్లో తిట్టినట్టే తిట్టండి, లోపల నా గదిలోకి వినపడాలి."