నేను పొగిడిన కీలు

కథలు కల్పించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఒకసారి శిరివెళ్ల దగ్గర బస్సు చక్రం ఊడిపోతే, అది మాకంటే ముందే నంద్యాల చేరి బస్టాండులో కాసుకుని ఉందని చెప్పి సగం వీధిని నమ్మించాను. ఉద్యోగం మాత్రం ఆసుపత్రి రికార్డు గదిలో. కేస్ షీటు చదివి జబ్బుకూ, అది వచ్చిన కారణానికీ కోడ్ వేయాలి. కాగితంలో లేనిది ఒక్క ముక్క చేర్చకూడదు.

మా నాయన ఆళ్లగడ్డలో రాతి బొమ్మలు చెక్కేవాడు. పోయినేడు తుంటి కీలు అరిగిపోతే కృత్రిమ కీలు పెట్టారు. నేల మీద కూర్చోవద్దు, కాలు మడవొద్దు అన్నాడు డాక్టరు. నాయనకు స్టూలు మీద ఉలి ఆడదు. కాలు మడిచి రాయికి ఆనుకుని కూర్చోవాల్సిందే. దిగులుపడ్డ ఆయన మొహం చూడలేక ఒకరోజు అనేశాను.

"ఆ కీలు రాకెట్ల ఉక్కు నాయనా. ట్రాక్టరెక్కినా వంగదు. డాక్టర్లు ఊరికే భయపెడతాండారు."

చాన్నాళ్లకు నవ్వాడు. నేనూ మురిసిపోయాను.

నెల తిరక్కుండానే నాయనను ఆటోలో పడుకోబెట్టి మా ఆసుపత్రికే తెచ్చారు. కాలు లోపలికి తిరిగి పొట్టిదైపోయింది. గోళ్లలో రాతిపొడి.

"ఎట్లయింది పెద్దాయనా?" అన్నాడు డాక్టరు.

"స్నానం కాడ జారి పడినా సార్."

మత్తిచ్చి, జారిన కీలును మళ్లీ గుంటలో కూర్చోబెట్టారు. పడినందుకు కీలు జారింది కాబట్టి ఈసారికి ఇది చాలు, ఊరికే కూర్చుంటేనే జారి ఉంటే మళ్లీ కోయాలేమో చూడాలన్నాడు డాక్టరు. ఆ షీటు నా బల్ల మీదికొచ్చింది. కారణం దగ్గర 'జారిపడటం' అని ఉంది. ఆ గోళ్లలోని రాతిపొడి గుర్తొచ్చి, కోడ్ వేయలేక వార్డుకు వెళ్లాను.

"అబద్ధమెందుకు చెప్పినావు నాయనా?"

"నిజం చెప్తే ఇంక ఉలి ముట్టనిస్తారా? అయినా నువ్విన్ని చెప్తావే, నేనొక్కటి చెప్తే తప్పా?"

డాక్టరు దగ్గరికెళ్లి, నాయన కాలు మడిచి కూర్చున్న తీరూ, నేను చెప్పిన మాటా దాచకుండా చెప్పాను. డాక్టరు షీటులో పాత వాక్యం కొట్టేసి, 'రాతిపనికి కాలు మడిచి కూర్చోవడం' అని రాసి సంతకం పెట్టాడు. నేను కోడ్ వేశాను.

తిరిగి వెళితే నాయన గోడవైపు తిరిగి ఉన్నాడు.

"చెప్పేసినావా?"

"చెప్పినా."

ఇటు తిరక్కుండానే, "ఏదన్నా కథ చెప్పురా, పొద్దుపోలే," అన్నాడు.

నోటికి ఒక్కటీ రాలేదు.