ఒక్క మాట తక్కువ చెయ్యకుండా

డిశ్చార్జి అనే మాట కనబడిందంటే తాహెరా కుర్చీలోంచి లేవాల్సిందే. మలయాళీ డాక్టరమ్మ ఇంగ్లీషులో రాసే రోగుల కాగితాల్లో ఆ మాట ఎక్కడ పడితే అక్కడ ఉండేది. రోగిని ఇంటికి పంపించినా డిశ్చార్జే, పుండు చీము కారినా డిశ్చార్జే. ఇంగ్లీషువాడు ఒక్క మాట పుట్టించి రెండు పనులు చేయించుకుని సుఖపడ్డాడు. ఇటాలియన్‌లో ఆ రెంటికీ వేరువేరు మాటలు. అందుకని తాహెరా టైపు మిషన్ మీద గుడ్డ కప్పి, ఆఫీసు నుంచి వార్డు దాకా ఎండలో నడిచిపోయి, ఆ మంచం ఖాళీ అయిందా, లేక మనిషి తడిసిన కట్టుతో ఇంకా అక్కడే ఉన్నాడా చూసుకుని వచ్చి, అప్పుడు రాసేది.

దమ్మపేట దాటి అడవి మొదలయ్యే చోట ఉండేది ఆ మిషన్ దవాఖానా. కుష్ఠు రోగులది. ఊళ్ళో వాళ్ళు ఆ పేరు నోటితో అనరు, పెద్దరోగం దవాఖానా అంటారు. దాన్ని నడిపే డబ్బు ఇటలీలో ఏదో చిన్న ఊరి చర్చి వాళ్ళు చందాలు వేసుకుని పంపేవారు. వాళ్ళకు ఇంగ్లీషు రాదు. ఇక్కడి డాక్టర్లకు ఇటాలియన్ రాదు. ఈ రెంటి నడుమ సత్తుపల్లిలో పరుపులు కుట్టే అహ్మద్ పాషా కూతురు తాహెరా కూర్చునేది. డెబ్బై నాలుగులో టైపిస్టుగా చేరింది. ఎమిలియా అనే ముసలి సిస్టర్ చూపు మందగించి, తన పని చేసిపెట్టే మనిషి కోసం ఈ పిల్లను పట్టుకుని ఇటాలియన్ నేర్పింది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు ఉన్న పిల్లకు నాలుగోది ఒక లెక్కా అనుకుంది సిస్టర్. నాలుగోదే నడుం విరగ్గొట్టింది.

మొదట్లో తాహెరా నిఘంటువును నమ్మేది. రోగుల వంగిపోయిన వేళ్ళకు కట్టే పట్టీల కోసం స్ప్రింగులు కావాలని ఒకసారి డాక్టరు రాశాడు. నిఘంటువు తీసింది, స్ప్రింగ్ పక్కన మొదట కనబడిన ఇటాలియన్ మాట రాసి పంపేసింది. అది వసంత రుతువు. రెండు నెలలకు జవాబొచ్చింది. "మందులు పంపుతున్నాం. వసంతం మాత్రం ఈసారి మాకే ఆలస్యంగా వచ్చేట్టుంది, రాగానే మీక్కూడా పంపుతాం" అని. సిస్టర్ కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక, "మాట అనుమానంగా ఉంటే పుస్తకం మూసెయ్యి. లేచి వెళ్ళి ఆ వస్తువును చూడు. ఆ మనిషిని అడుగు" అంది. ఆ తర్వాత ఆమె వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం తాహెరా కాళ్ళకు చుట్టుకుంది.

పన్నెండేళ్ళు అట్లాగే తిరిగింది. వెల్ అని ఉంటే బావి తవ్వారా, రోగి బాగున్నాడా చూడటానికి. సోల్ అని ఉంటే అరికాలా, ఒక్కగానొక్క కొడుకా కనుక్కోవడానికి. కాళ్ళు అరిగాయంటే అతిశయోక్తి కాదు, మోకాళ్ళు నిజంగానే పోయాయి. ఆమె భర్త గౌస్ అదే దవాఖానాలో రోగులకు మెత్తటి రబ్బరు చెప్పులు చేసేవాడు. స్పర్శ లేని కాళ్ళకు ముల్లు గుచ్చుకున్నా తెలియదు కనుక ఆ చెప్పులు. ఎందరి పాదాలకో కొలతలు తీసిన మనిషికి ఇంట్లో పాదాలు వాచినా కనబడేవి కావని తాహెరా దెప్పేది. ఆయన పాపం ఒక జత మెత్తటి చెప్పులు ఆమెకూ చేసిపెట్టాడు. వాటితో నొప్పి తగ్గలేదు. సాయంత్రానికి అందరి బాధలూ తన నోట్లోంచి దొర్లిపోయి, తన మాట అంటూ ఒకటి మిగలక, ఇంట్లో ఏ భాషా మాట్లాడాలనిపించేది కాదు.

ఎనభై ఆరు చలికాలంలో ద్వాలి సంగతి వచ్చింది.

ద్వాలి అడవి లోపలి లంబాడీ తండా మనిషి. రోగం నయమైంది గానీ కుడిచేతి వేళ్ళు కొక్కెంలా వంగిపోయాయి. చెంబు పట్టుకోలేదు, జొన్నరొట్టె తుంచుకోలేదు. ఏటా చలికాలం ఇటలీ నుంచి రినాల్డి అనే సర్జన్ వచ్చి నెల రోజులుండి ఇలాంటి చేతుల్ని సరిచేసేవాడు. ద్వాలిని చూసి, బాగుచేస్తానన్నాడు. అయితే చెయ్యి కోసేటప్పుడు రక్తం ఆపడానికి పైన, భుజం దగ్గర, రబ్బరు పట్టీ బిగించాలి. అక్కడ ద్వాలికి బలియాలున్నాయి. మోచేతి పైనుంచి భుజం దాకా తెల్లటి ఎముక గాజులు. పెళ్ళినాడు ఎక్కించినవి. కండ పెరిగి బిగిసిపోయాయి, ఇక కోస్తే తప్ప రావు. లంబాడీ ఆడదానికి అవి మొగుడు చచ్చిన రోజునే తీస్తారు.

"తియ్యను" అంది ద్వాలి.

డాక్టరమ్మ కాగితంలో ఆ గాజుల గురించి అటాచ్డ్ అని రాసింది. అంటుకుపోయాయని రాసిందో, మమకారమని రాసిందో. ఈసారి అదృష్టం కొద్దీ ఇటాలియన్‌లోనూ రెండర్థాలకూ ఒకే మాట ఉంది. రాసేసి ఊరుకోవచ్చు. కానీ తాహెరా అలవాటు కొద్దీ లేచి వార్డుకు నడిచింది.

"ఇష్టమని కాదక్కా" అంది ద్వాలి. "నా మొగుడు రూప్‌సింగ్ బతికున్నడు. బతికున్నోని పేర గాజులు తీస్తే ఆయన్ని నేనే సంపినట్టు. రేపు తండాల ఏ మొకం పెట్టుకొని పోవాలె?"

"రూప్‌సింగే తియ్యమంటే?"

ద్వాలి ఎడంచేత్తో గాజుల్ని తడుముకుంది. "ఆయనొచ్చి నా ముంగట నిలబడి తియ్యమంటే తీస్త. మళ్ళ ఆయనే కొత్తయి ఏయిస్తడు."

రెండేళ్ళుగా రూప్‌సింగ్ ఆ దవాఖానా గడప తొక్కలేదని ఇద్దరికీ తెలుసు. సర్జన్‌కు విషయం చెబితే, శనివారం తను బయలుదేరాలి, మరో ఏడాది ఆగితే ఆ వేళ్ళ కీళ్ళు బిగిసిపోయి ఇక ఎవరి చేతా కాదు అన్నాడు. పాపం మంచివాడే. కానీ కాలం ఆయన చేతిలో లేదు, తాహెరా చేతిలోనూ లేదు. మర్నాడే ఆమె బస్సెక్కింది. దిగిన చోటి నుంచి తునికి చెట్ల నడుమ బండ్ల బాట పట్టుకుని నడిచింది.

రూప్‌సింగ్ గుడిసె ముందు కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. లోపల వాళ్ళమ్మ మూలుగు వినిపిస్తోంది, ఆమె మంచం పట్టి చాన్నాళ్ళయింది. తాహెరా అంతా చెప్పింది, ఒక్కపూట వచ్చి భార్య ముందు నిలబడమంది. చుట్టూ తండావాళ్ళు చేరారు. వాళ్ళను చూసి అతని మొహం బిగుసుకుంది.

"నేనెందుకు రావాలె? ఆ రోగం మళ్ళ మా ఇంటికి తెచ్చుకోవాల్నా? గాజులు తీసేసుకోమను. నేను సచ్చిపోయిన్నని చెప్పు."

"రోగం నయమైంది. చెయ్యి ఒక్కటే మిగిలింది. కోపంల అనకు రూప్‌సింగ్, నేను పోయి ఆమెకు ఇదే చెప్పాల్నా?"

"గిదే చెప్పు. ఒక్క మాట తక్కువ చెయ్యకు."

తిరుగు బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది గానీ తాహెరా వీపు ఆనించలేదు. ఇన్నేళ్ళలో ఎన్నో మాటలు అటుదిటు మోసింది. ఇంత బరువైంది మొయ్యలేదు. ఉన్నదున్నట్టు చెబితే ద్వాలి పిచ్చిదై పోతుందేమో, ఆపరేషన్ మాటే వద్దంటుందేమో. చెయ్యి పోతుంది. ఇంటికొచ్చి గౌస్‌తో చెప్పుకుంది.

"రూప్‌సింగ్‌కు జరమొచ్చింది, రాలేకపోయిండు, గాజులు తీసెయ్యమన్నడని చెప్పు" అన్నాడు గౌస్. "చెయ్యి బాగైతది. గంత చిన్న అబద్ధానికి అల్లా కూడా ఏమనడు."

"బాగైన చెయ్యి చాపుకొని గాజుల కోసం ఎన్నేండ్లు చూస్తది ఆమె?"

తాహెరా అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. ఇంగ్లీషు మాటైతే రెండర్థాల్లో ఒకటి ఏరుకోవచ్చు, ఇది ఏ వైపు తిప్పినా ఒకే వైపు కోస్తోంది. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. తనను ఈ కుర్చీలో కూర్చోబెట్టిపోయిన సిస్టర్ మీద కూడా వచ్చింది.

పొద్దున్నే వార్డుకు పోయి, ద్వాలి మంచం పక్కన కూర్చుని, రూప్‌సింగ్ అన్నది అన్నట్టు చెప్పేసింది. ఒక్క మాట తక్కువ చెయ్యలేదు.

ద్వాలి అడిగింది ఒక్కటే. "నీతోనే అన్నడా అక్కా? నువ్వు నీ చెవులతోటి ఇన్నవా?"

"నాతోనే అన్నడు."

ద్వాలి మంచం దిగి నేల మీద కూర్చుంది. కొంగు తల మీదికి లాక్కుని రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. వార్డులో ఉన్న సోమ్లి అనే ముసలామె, ఇంకా ఇద్దరు ముగ్గురు తండా ఆడవాళ్ళు, ఎవరూ పిలవకుండానే వచ్చి చుట్టూ కూర్చుని ఆమె భుజాలు పట్టుకుని గొంతు కలిపారు. శవం లేదు, పాడె లేదు. ఏడుపు మాత్రం చావు ఏడుపే. తాహెరాకు లంబాడీ భాష రాదు. రాకపోవడమే మేలనిపించింది, రోజుకు ఒక్కటైనా అర్థం కానిది ఉండాలి మనిషికి. గోడకు ఆనుకుని నిలబడి తనూ ఏడ్చింది.

సర్జన్ కత్తులు సిద్ధం చేసుకుని ఎదురుచూస్తున్నాడు. ఎందుకు ఆలస్యం, ఆ ఏడుపేమిటి అని అడిగాడు.

"ఇంట్లో చావు" అంది తాహెరా ఇటాలియన్‌లో.

"అయ్యో. ఎవరు?"

"ఆమె భర్త."

సర్జన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ రోజుకు వద్దు, రేపు చేద్దామన్నాడు. వెళ్ళి ద్వాలి ముందు వంగి తన భాషలో ఏదో ఓదార్పు చెప్పాడు. దాన్ని తెలుగులోకి మార్చమని తాహెరాను ఎవరూ అడగలేదు.

గాజులు కోసింది గౌస్. చెప్పుల రబ్బరు కోసే సన్న రంపం తెచ్చి, గాజుకూ చర్మానికీ మధ్య తోలుముక్క దూర్చి ఒక్కొక్కటే కోశాడు. అయిపోయాక సోమ్లి ద్వాలిని పంపు దగ్గరికి నడిపించి తల మీద నీళ్ళు కుమ్మరించింది. మొగుడు పోయినదానికి పోసే నీళ్ళు. గాజుల ముక్కల్ని తీసుకుపోయి వాగులో కలిపింది.

మర్నాడు ఆపరేషన్ అయింది. వేళ్ళు నెమ్మదిగా విచ్చుకున్నాయి. నెలలు గడిచేసరికి ద్వాలి చెంబు పట్టుకుంది, తర్వాత సూది పట్టుకుంది. దవాఖానా వంటింట్లో పనికి కుదిరి, వారం వారం దమ్మపేట సంతకు పోయి కూరగాయలు ఏరుకుని వచ్చేది. భుజం దగ్గర బలియాలుండిన మేర చర్మం తెల్లగా చారలు కట్టి అలాగే ఉండిపోయింది. ఆ చారలు చూసినప్పుడల్లా తాహెరా కళ్ళు తిప్పుకునేది. తను చేసింది మంచో చెడో చూసి రావడానికి ఏ వార్డుకు నడవాలో ఆమెకు తెలియలేదు.

సంతలో ద్వాలి చేతిని తండావాళ్ళు చూశారు. మళ్ళీ చలికాలం వచ్చి, సర్జన్ పాత ఆపరేషన్లు సరిచూస్తూ వరండాలో కూర్చున్న రోజున రూప్‌సింగ్ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. ద్వాలి దగ్గరికి పోయే ధైర్యం లేక తాహెరా బల్ల ముందు నిలబడ్డాడు.

"తీస్కపోదామని వచ్చిన మేడం. అమ్మకు నీళ్ళు పోసే దిక్కు లేదు. మిరప తోటకు మనిషి లేడు. నాకూ శాత కాట్లేదు."

"నాకెందుకు చెప్తవు? ఆమెకు చెప్పు."

"అప్పుడు అందరి ముంగట ఏదో అన్న. నువ్వు ఒక్క మాటకు రెండు మూడు అర్థాలు తీస్తవంట కద మేడం. నేనన్నదానికి గట్ల కాదు, ఇంకో అర్థమని ఆమెకు జర చెప్పు. నీ మాట ఇంటది."

తాహెరా అతన్ని చూసింది. కోపం తెచ్చుకుందామంటే రాలేదు. అతను కూడా అలిసిపోయే ఉన్నాడు.

"ఇంగ్లీషు మాటలైతే తీస్త రూప్‌సింగ్" అంది. "నీ మాటకు ఒక్కటే అర్థం. రెండోది ఉంటదేమోనని ఆ రోజు బస్సు దిగేదాకా వెతికిన."

వంటింటి గుమ్మంలోంచి ద్వాలి అంతా వింటోంది. తడిచేయి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి అతనికి ఎదురుగా నిలబడింది. లంబాడీలో మాట్లాడలేదు. వరండాలో ఉన్నవాళ్ళందరికీ తెలిసేలా తెలుగులోనే అంది.

"నా మొగుడు పోయిండు. ఆయన కోసం ఏడ్సిన. నీళ్ళు పోసుకున్న. నేను ముండమోసినదాన్ని. నువ్వెవరో నాకు తెల్వదు. అన్నం ఉన్నది, తిని పో."

లోపలికి పోయి పళ్ళెంలో అన్నం, పప్పు తెచ్చి అరుగు మీద పెట్టింది. బాగైన చేత్తోనే పెట్టింది. రూప్‌సింగ్ పళ్ళెం ముందు కూర్చున్నాడు. ఆకలి మీదున్నట్టుంది, తలెత్తకుండా తిన్నాడు. తిని, పళ్ళెం కడిగి బోర్లించి, గేటు దాటి పోయాడు.

సర్జన్ అద్దాలు తీసి తాహెరా వైపు తిరిగాడు.

"ఎవరతను?"

"ఆమె భర్త."

"భర్తా? పోయినేడాది చనిపోయాడని చెప్పావు కదా!"

"అవును డాక్టర్" అంది తాహెరా. "చనిపోయాడు."