ఖాజాలమ్మ ఖాళీ నెలలు

టైలర్ మాస్టారి దగ్గర ఖాజాలు కుట్టేది కాబట్టి అందరికీ ఆమె ఖాజాలమ్మే. మొగుడు లారీ డ్రైవరు. మొదటి కడుపు గర్భసంచి దాకా రాకుండా ట్యూబులోనే నిలిచి పగిలితే, ప్రాణం దక్కించడానికి కుడివైపు ట్యూబు తీసేశారు. ఎడమది మిగిల్చాడు దేవుడు, అంతే చాలనుకుంది.

గుడ్డు ఒక నెల కుడినుంచి, ఒక నెల ఎడమనుంచి వస్తుందని ఎవరో అనగా విన్నది. ఖాజా లేనివైపు గుండీ ఉండి ఏం లాభం? కుడివైపు నెలలన్నీ ఖాళీ నెలలని తనే తీర్మానించుకుంది. ఆ నెలల్లో అతను ఇంట్లో ఉన్నా లాభం లేదని మొగుణ్ణి దూరపు లోడుకు పంపేసేది. ఎందుకో చెప్పలేదు.

"మళ్ళీ దూరమేనా?" అనేవాడతను చెప్పులేసుకుంటూ.

"ఇంట్లో ఉండి నా కుట్లు లెక్కపెడతారా?"

అతను వెళ్ళాక ఒక్క పళ్ళెం కడుక్కోవడానికి కూడా చేతులు వచ్చేవి కావు.

పిల్లలు కలగలేదు. ఎడమ ట్యూబైనా తెరిచి ఉందో లేదో మందు ఎక్కించి చూద్దామన్నారు డాక్టరు.

"వెళ్ళిరామ్మా, ఖాజాలు ఎక్కడికీ పారిపోవు. పారిపోయినా గుండీలు పట్టుకుంటాయి," అని పంపారు మాస్టారు.

పరీక్ష అయ్యాక పెద్ద నర్సు ఆమె చల్లబడ్డ చేతుల్ని తన అరచేతుల్లో రుద్దింది. "తెరిచే ఉంది తల్లీ."

"అయితే వచ్చే నెల చూడాలండీ. ఇది ఖాళీ నెల."

"ఖాళీ నెలేమిటమ్మా?"

చెప్పింది. నర్సు నవ్వలేదు, స్టూలు దగ్గరికి లాక్కుంది.

"వంతులు అంత ఖచ్చితంగా ఉండవమ్మా. పైగా ట్యూబు అండాశయానికి అతుక్కుని ఉండదు. దాని కొస కుచ్చులా ఉంటుంది. గుడ్డు విడుదలైతే వెతుక్కుని అందుకుంటుంది. మగ బీజం వచ్చి కలిసేది ట్యూబులోనే. ఆ తర్వాత లోపలి సన్నటి నూగు మెల్లగా తోసుకుంటూ గర్భసంచికి చేరుస్తుంది. ఒక్కోసారి ఇటువైపు ట్యూబు అటువైపు గుడ్డునీ అందుకుంటుంది."

"అటువైపుదీనా?"

"ప్రతిసారీ కాదు. అందుకోవడం మాత్రం ఉంది."

బయటికొచ్చి ఆస్పత్రి వరండా బల్లమీద కూలబడింది. ఒంట్లోని అంత చిన్న నాళమే అటువైపుకు చెయ్యి చాస్తుందట. తనేమో ఉన్న మనిషిని గుమ్మం దాటించింది. ఆ ఉదయం కూడా.

ఫోను చేసింది. "ఎక్కడున్నారు?"

"లోడెక్కింది, బయల్దేరా. డాక్టరేమన్నారు?"

"తెరిచే ఉందట. దూరం వద్దండీ ఇక. నేనే తప్పు లెక్క వేశాను," అని అంతా చెప్పింది.

అవతల లారీ పక్కకు ఆపి ఇంజను కట్టేశాడు.

"నేనుంటే నీకు బరువనుకున్నానే ఇన్నాళ్ళూ."

ఆమె ఫోను చెవికి ఇంకాస్త నొక్కుకుంది.

"ఈ లోడు దింపక తప్పదు. తిరుగు లోడు కోసం మాత్రం ఆగను. ఖాళీ బండితో వచ్చేస్తా."

ఆమె తిరిగొచ్చేసరికి దుకాణంలో మాస్టారు ఫ్యాను ఆమె కుర్చీవైపు తిప్పి ఉంచారు.

సాయంత్రం దేవుడికి దణ్ణం పెట్టుకుని, రెండు పళ్ళాలు కడిగింది. తిన్నది ఒకదాంట్లోనే.