తిన్నావా డాక్టరుగారు

తాగుడు మానిపించే ఆ ఆసుపత్రిలో మిగతా డాక్టర్లందరూ "ఎంత తాగారు?" అని అడిగేవారు. ఈయన మాత్రం "ఏం తిన్నావు? ఎన్నింటికి?" అని అడిగి, కోటు జేబులోంచి ఉడికించిన గుడ్డు తీసి చేతిలో పెట్టేవారు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన కూడా గుడ్డు తినందే గేటు దాటలేకపోయాడు. అందుకే ఆయనకు తిన్నావా డాక్టరని పేరు పడిపోయింది.

ఆ ఆసుపత్రికి వచ్చే ఒక లిఫ్టు మెకానిక్ చుక్క ముట్టక నలభై ఒక్క రోజులు. తొంభై నిండితే వస్తానని చెప్పి భార్య పుట్టింటికి వెళ్లిపోయింది. అతనికి డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు: కడుపు ఖాళీ అయితే అక్కణ్ణించి ఒక హార్మోను బయల్దేరి మెదడుకు ఆకలి కబురు మోస్తుందట. ఆ కబురే కొందరిలో తాగాలన్న యావను కూడా తట్టి లేపుతుందేమోనని తాను పరిశోధిస్తున్నారట.

చిక్కంతా అక్కడే ఉంది. పరిశోధనకు రక్తం పరగడుపున తీయాలి. పరగడుపున వచ్చినవాళ్లను చూస్తే ఈయనకు చేతులు ఊరుకోవు. ఒక్క నెలలో పదకొండు శాంపిళ్లు గుడ్డుపాలయ్యాయి. ల్యాబు అక్క ఆయన జేబులు తడిమి మరీ లోపలికి పంపేది. ఆయన బీపీ మిషను పెట్టెలో దాచి తెచ్చేవారు.

నలభై రెండో రోజు పొద్దున మెకానిక్ వంతు వచ్చింది. బెంచీ మీద కూర్చున్నాడే గానీ, మనసంతా వీధి చివరి బ్రాందీ దుకాణం మీదే ఉంది. తనకు తెలియకుండానే లేచి గేటు వైపు నడిచాడు. డాక్టరుగారు ఎదురొచ్చి, ఏమీ అడక్కుండా గుడ్డు చేతిలో పెట్టి, పక్కనే మెట్టు మీద కూలబడ్డారు. అది తిని, నీళ్లు తాగి, కాసేపు కబుర్లాడాక కాళ్లు గేటు వైపు లాగడం తగ్గింది.

ల్యాబు అక్క వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"మర్చిపోయానమ్మా," అన్నారాయన, ఎప్పట్లాగే.

ఆమె వెళ్లాక మెకానిక్ మెల్లగా అడిగాడు. "నిజంగానే మర్చిపోతారా సార్?"

"అందరి దగ్గరా కాదు. లేచి గేటు వైపు నడిచేవాళ్ల దగ్గరే."

"మరి మీ పరిశోధన?"

"దానికి ఇంకో పరగడుపు దొరుకుతుందిలే. నీకు మళ్లీ నలభై రెండో రోజు రావాలంటే ఎంత కష్టం?"

మెకానిక్ బయటికొచ్చి భార్యకు ఫోన్ చేసి, గేటు దాకా వెళ్లిన సంగతి కూడా దాచకుండా చెప్పాడు.

"తొంభై దాకా ఎందుకులే," అందామె. "రేపు పొద్దున్నే వచ్చేస్తా."

అంత సంతోషంలోనూ, ఇల్లు ఊడ్చి నెల దాటిందని గుర్తొచ్చి మెకానిక్ పరుగు అందుకున్నాడు.