నిండా పోయించుకున్న టీ

ఆ రోజుల్లో నేను చూసిన దేశం ఒక్కటీ లేదు, నాకు తెలియని దేశం అంతకన్నా లేదు. డిగ్రీ అవగానే రాజమండ్రిలో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో చేరాను. టిక్కెట్లు, వీసాలు మా మేనేజరు గారు చూసుకునేవారు. వెళ్ళేవాళ్ళని కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పడం నా పని. మా వైపు నుంచి మెడిసిన్ చదవడానికి కిర్గిజ్‌స్తాన్ వెళ్ళే పిల్లలు ఎక్కువ కాబట్టి ఆ దేశం మీద నాకు మరీ పట్టు చిక్కింది. చలికి ఒక లావు కోటు కన్నా పల్చటి బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మేలు, ఎత్తుకి వెళ్ళాక నెమ్మదిగా నడవాలి, దాహం వేయకపోయినా నీళ్ళు తాగుతూ ఉండాలి, కొండ ఊళ్ళలో కార్డులు చెల్లవు కాబట్టి నోట్లు దగ్గరుంచుకోవాలి, ఎవరింటికి వెళ్ళినా రొట్టెని బోర్లా పెట్టకూడదు. అన్నీ ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నవే. నేను స్వయంగా ఎక్కిన కొండ కోరుకొండ ఒక్కటే (అదీ మధ్యలో రెండుసార్లు కూలబడి, మా అమ్మ చేత చివాట్లు తిని). అయినా నేను చెబుతుంటే వినేవాళ్ళు నోరు తెరుచుకుని వినేవారు, దాంతో నేను ఇంకాస్త చెప్పేదాన్ని.

అలా విన్నవాళ్ళలో రావులపాలెం గెలల బాబాయ్ గారు ఒకరు. అక్కడి అరటి మార్కెట్లో వ్యాపారం ఆయనది. వాళ్ళమ్మాయి బిష్కెక్‌లో ఆరేళ్ళు మెడిసిన్ చదివి పట్టా పుచ్చుకోబోతోంది. "దాన్ని దింపడానికీ వెళ్ళలేదు, చూడడానికీ వెళ్ళలేదమ్మాయ్. నేను మార్కెట్ వదిలితే గెలలు ఆగుతాయేంటి? ఈ ఒక్క రోజు మాత్రం పట్టు పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చోవాలి. అది స్టేజీ మీంచి చూస్తే నేను కనపడాలి, ఆయ్" అన్నారు. పిన్ని గారికి విమానం మారడమంటే భయం. మా మేనేజరు గారు ఇద్దరినీ చూసి, తర్వాత నన్ను చూసి, "నువ్వు కూడా వెళ్ళిరామ్మా, అన్నీ తెలిసినదానివి కదా" అన్నారు. ఆ మాట నేను మెచ్చుకోలనే అనుకున్నాను.

అక్కడికి చేరాక డాక్టరమ్మకి (వాళ్ళమ్మాయిని మేమంతా అప్పటికే అలా పిలవడం మొదలుపెట్టేశాం) కాలేజీలో ఏవో కాగితాల పనులు రెండు రోజులు ఉన్నాయి. ఈలోగా గదిలో కూర్చుని ఏం చేస్తాం, కొండల మీద సోన్‌కుల్ సరస్సు చూసి వచ్చేద్దాం, ఒక రాత్రి ముందే తిరిగొచ్చేస్తాం అని సలహా ఇచ్చింది నేనే. కారు డ్రైవరు ఏళ్ళ తరబడి మన పిల్లల్ని తిప్పినవాడు. వాళ్ళ దగ్గర నాలుగు తెలుగు ముక్కలు పట్టాడు. ఆ పిల్లలు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారో అలాగే పిలుస్తాడు కాబట్టి అరవై దాటిన బాబాయ్ గారిని కూడా "మామా" అన్నాడు. "నాకు వీడెప్పుడు అల్లుడయ్యాడే?" అని బాబాయ్ గారు పిన్ని గారి వైపు తిరిగారు. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ తర్వాత మళ్ళీ చాలాసేపటికి గానీ మేం అలా కడుపుబ్బా నవ్వలేదు.

సరస్సు చూశాం, ఫోటోలు దిగాం. తిరుగు ప్రయాణంలో కనుమ ఎక్కడం మొదలుపెట్టేసరికి మబ్బు పట్టింది. మన దగ్గర ఎండలు మండే రోజులవి. అక్కడేమో చూస్తుండగానే మంచు కురిసింది. దారి బురదైంది, బురద మీద మంచు పడింది, కారు ముందుకి పోవాల్సింది పోయి పక్కకి జారింది. అటు పక్క లోయ. పిన్ని గారు కళ్ళు మూసుకుని కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకుంటున్నారు. నా సలహాల్లో దీనికి పనికొచ్చేది ఏదైనా ఉందా అని వెతుక్కుంటే రొట్టె బోర్లా పెట్టకూడదన్నది ఒక్కటే గుర్తొచ్చింది. ఫోన్లకి సిగ్నల్ లేదు. డ్రైవరు ఎలాగో బండి వెనక్కి దింపి, దూరంగా పొగ కనపడుతున్న గుడారం చూపించాడు. "అక్కడ తాత. తాతకి ట్రాక్టర్. ట్రాక్టర్ లాగితే కనుమ దాటతాం, మామా. లేకపోతే రెండు రోజులు ఇక్కడే."

పట్టా ఇచ్చేది మర్నాడు మధ్యాహ్నం. బాబాయ్ గారు గడియారం చూసుకుని, కనుమ వైపు చూశారు. సలహా నాదే కదా. ఆ ముందు వరస కుర్చీ ఖాళీగా ఉంటే అది నా వల్లే.

ఉన్ని కంబళ్ళతో కట్టిన గుండ్రటి గుడారం అది. మధ్యలో పొయ్యి, చుట్టూ బొంతలు. తెల్లటి ఎత్తు టోపీ పెట్టుకున్న తాత, తలకి రుమాలు కట్టుకున్న మామ్మ మమ్మల్ని లోపలికి రమ్మన్నారు. "ట్రాక్టర్ ఇప్పుడే అడగొద్దు. ముందు టీ. తర్వాత ట్రాక్టర్" అని మాకు చెప్పి, డ్రైవరు టైర్లకి గొలుసులు కట్టుకోవడానికి బయటికి వెళ్ళాడు. మామ్మ పిడి లేని కప్పుల్లో టీ పోసింది, సగానికి కొంచెం తక్కువే. బాబాయ్ గారు కప్పులోకి చూశారు, నా వైపు చూశారు. ఆయన ఇంట్లో మజ్జిగ అడిగితే చెంబు నిండా ఇస్తారు, కాఫీ అయితే గ్లాసు అంచు దాటి నురగ పొంగాలి. ఆయన తాగి కప్పు కింద పెట్టగానే మామ్మ మళ్ళీ సగం పోసింది. "ఏంటమ్మాయ్ ఇది, పసిపిల్లలకి మందు పోసినట్టు?" అని గొణిగారు. నేను రొట్టెకి కాపలా కాస్తున్నాను, పిన్ని గారి ముందున్న ముక్క ఎక్కడ బోర్లా పడుతుందో అని. అందుకని అటు చూడకుండానే, ఆఫీసులో చెప్పినంత తేలిగ్గా చెప్పేశాను. "ఇక్కడ మొహమాటపడకూడదండీ బాబాయ్ గారూ. కావలసింది సైగ చేసి అడిగెయ్యడమే."

ఆయన అడిగేశారు. మూడోసారి కప్పు చాపి, రెండో చేత్తో అంచు చూపించి, ఇక్కడిదాకా అన్నట్టు సైగ చేశారు. మామ్మ చెయ్యి ఆగింది. తాత వైపు చూసింది. తాత తల వంచుకుని ఏదో అన్నాడు. మామ్మ నిండా పోసింది, కప్పు పొర్లేలా పోసింది. బాబాయ్ గారు "అదీ!" అని తృప్తిగా మీసం దువ్వుకున్నారు. తాత లేచి, టోపీ సర్దుకుని, గుడారం తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. మంచు గాలి లోపలికి కొట్టింది. ఏదో కొంప మునిగిందని తెలుస్తోంది, ఏంటో తెలియడం లేదు.

డ్రైవరు పరుగున లోపలికొచ్చాడు. నిండిన కప్పు చూసి తల పట్టుకున్నాడు. "మామా! ఏం చేశావ్ మామా! ఫుల్ కప్పు అంటే బై బై. తాత అంటున్నాడు, చుట్టాలు ఉండరంట, వెళ్ళిపోతారంట, నేను ఆపను అని." ఎన్ని వీడియోలు చూశాను, ఒక్కరూ టీ గురించి చెప్పలేదే! బాబాయ్ గారి మొహం కందగడ్డలా అయింది. "తాగేవాడు నిండా పొయ్యమని అడగడం తప్పేంటయ్యా?" అని లేవబోయారు. ఆయన లేచి ఉంటే మా ట్రాక్టరు అక్కడితో అయిపోయేది.

ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టింది పిన్ని గారు. "కూర్చోండి. మన పెళ్ళిళ్ళలో విస్తట్లో అన్నీ ఒకేసారి కుమ్మరించేస్తే ఏమంటారు మీరు? వడ్డించార్రా అంటారా, వదిలించుకున్నార్రా అంటారా? మారు అడగాలి, మళ్ళీ రావాలి, కొసరి కొసరి వెయ్యాలి. ఆవిడా అంతే కదండీ చేస్తోంది. వేడిగా కాస్త కాస్త పోస్తోంది, మనం వెళ్ళిపోకుండా" అన్నారు. అని, ఆయన కప్పులోది సగం తన కప్పులోకి ఒంపుకుని, రెండు గుక్కల్లో తాగేసి, ఖాళీ కప్పు రెండు చేతులతో మామ్మ ముందుకి చాపారు. "ఇంకాస్త పొయ్యి తల్లీ" అన్నారు తెలుగులోనే. మామ్మ ఆవిడ మొహంలోకి చూసింది. నవ్వింది. సగం పోసింది. తాత తలుపు మూశాడు.

ఆ తర్వాత మేం తాగిన టీకి లెక్క లేదు. పోస్తే తాగడం, తాగితే పోయడం. పిన్ని గారు మెడలో స్టెతస్కోపు వేసుకున్నట్టు, తల మీద టోపీ పెట్టుకున్నట్టు సైగలు చేసి కూతురి సంగతంతా చెప్పేశారు. ట్రాక్టరు మాట మేం ఎత్తనేలేదు. తాతే డ్రైవర్ని అడిగాడు, వీళ్ళు ఎప్పటికల్లా చేరాలని.

ఆ రాత్రి గుడారంలోనే పడుకున్నాం. తెల్లవారుతూనే ట్రాక్టరుకి తాడు కట్టారు. కనుమ మలుపుల్లో తాడు బిగుసుకున్నప్పుడల్లా నా ప్రాణం కూడా దాంతోపాటే బిగుసుకుంది. ఒక మలుపులో కారు వెనక చక్రం అంచు దాకా జారింది. బాబాయ్ గారు పిన్ని గారి చెయ్యి పట్టుకున్నారు (ఇంకొకరి ముందు పట్టుకోవడం అదే మొదటిసారని ఆవిడ తర్వాత చెప్పారు). పైకి చేరాక తాత తాడు విప్పి, డబ్బులిస్తే తోసేసి, చెయ్యి ఊపి వెనక్కి తిరిగాడు. ఇక దిగడమే అనుకున్నాం గానీ, అన్ని కప్పుల టీ, దానికి తోడు దాహం వేయకపోయినా నీళ్ళు తాగమన్న నా సలహా, రెండూ కలిసి పనిచేయడం మొదలుపెట్టాయి. "ఆపవయ్యా అల్లుడూ!" అని బాబాయ్ గారు అడుగడుక్కీ బండి ఆపించడం, ఒకదాని మీద ఒకటి వేసుకున్న బట్టలన్నీ (అదీ నా సలహానే) సవరించుకుని తిరిగొచ్చేసరికి పొద్దు ఇంకాస్త పైకెక్కడం. నేను గడియారం చూడడం మానేశాను.

హాల్లోకి వెళ్ళేసరికి పేర్లు పిలిచేస్తున్నారు. ముందు వరసలు నిండిపోయాయి. పట్టు పంచె పెట్టెలోనే ఉండిపోయింది, కట్టుకున్న పంచెకి మోకాళ్ళ దాకా బురద. తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాం. డాక్టరమ్మ పేరు పిలిచారు. ఆ పిల్ల స్టేజీ ఎక్కి ముందు వరసంతా వెతుక్కుంటోంది, మొహం చిన్నబోతోంది. అప్పుడు బాబాయ్ గారు మార్కెట్లో గెలల వేలంపాట పాడే గొంతుతో "ఆయ్! ఇక్కడున్నానమ్మా!" అని కేకేశారు. హాలు హాలంతా వెనక్కి తిరిగింది. నాకు సిగ్గూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

సాయంత్రం ఆ అమ్మాయి గదికి వెళ్ళాం. నాన్న అలవాటు తెలిసిన పిల్ల కదా, ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసు వెతికి తీసి, నురగ పొంగేలా నిండా టీ పోసి ఆయన చేతికిచ్చింది. బాబాయ్ గారు గ్లాసు వైపు చూశారు.

"ఏంటమ్మా, అప్పుడే వెళ్ళిపొమ్మంటున్నావా?" అన్నారు.

ఆరేళ్ళు అక్కడే ఉన్న పిల్ల, ఆ మాట ఎక్కడిదో ఆమెకి తెలుసు. ముందు నవ్వింది. తర్వాత ఆయన పక్కన కూర్చుని, గ్లాసులోది సగం తన కప్పులోకి ఒంపుకుంది, అచ్చం వాళ్ళమ్మ చేసినట్టే.

ఇప్పుడు నాకే సొంత ఆఫీసు ఉంది. నిజంగానే నాలుగు దేశాలు చూశాను. చూసినకొద్దీ సలహాలు చెప్పడానికి నోరు రావడం లేదు. "అక్కడివాళ్ళు ఎలా చేస్తుంటే అలా చెయ్యండి" అని ఊరుకుంటున్నాను. ఫీజు ఇచ్చి వచ్చినవాళ్ళు 'ఇంతేనా' అన్నట్టు చూస్తారు. ఒక్కోసారి అప్పటి నాలోని ఇరవై మూడేళ్ళ పిల్లే నయమనిపిస్తుంది, కొండ ఎక్కకుండానే ఎంత ధైర్యంగా చెప్పేదో. అమలాపురం వైపు వెళ్ళినప్పుడల్లా రావులపాలెంలో దిగుతాను. పిన్ని గారు సగం గ్లాసు కాఫీ ఇస్తారు. పక్కింటావిడ ఒకసారి అది చూసి, ఇంత ఉన్నవాళ్ళు ఇంత పిసినారితనమేంటండీ అని నా చెవిలో అంది. అయిదు నిమిషాలు కూర్చుని పోదామని వెళ్తాను, గ్లాసు ఖాళీ అవగానే ఆవిడ మళ్ళీ గిన్నె పట్టుకుని వస్తారు. నా బస్సు వెళ్ళిపోతుంది.