మనవరాలు హైజంప్ మానేసిన రోజు

“రేపు నేను గుంటూరు రాను అమ్మమ్మా. ఇంక దూకను.”

“రాకపోతే చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? పోయిన ఆదివారం అందరి ముందూ సాక్ష్యం చెప్పానా లేదా?”

“చెప్పమని నేనడిగానా? గుంటూరులో సెలక్షన్ జరక్కముందే స్టేట్ టీములోకి వెళ్తోందని చెప్పేశావు. దేవుడు చేసింది చెబితే సాక్ష్యం. నువ్వనుకున్నది చెబితే కాదు.”

“నోరు బాగా లేస్తోందే.”

“మోకాలు లేవట్లేదు కదా, అందుకని.”

ఇది నా కూతురి కూతురు. తిరువూరులోనే డిగ్రీ చదువుతోంది, హైస్కూలు రోజుల నుంచీ హైజంప్ దూకుతోంది. వాళ్ళమ్మవి ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు. కాబట్టి తెల్లారకముందే దీన్ని లేపి గ్రౌండుకు తీసుకెళ్ళడం నా పని. వెల్లకిలా దూకేవాళ్ళకు ఇసుక గుంట పనికిరాదని పీఈటీ సారు అన్నారు. పరుపు కొనేదెవరు? ధాన్యం గోతాలు కలిపి కుట్టి, అందులో వరిగడ్డి కుక్కాను. వాన పడినప్పుడల్లా విప్పి, ఆరబెట్టి, మళ్ళీ కుట్టేదాన్ని.

మూడో తరగతితో ఆగిన చదువు నాది. ఈ ఆట గురించి నాకు తెలిసిందంతా దాని ఫోనులోనే. స్లోవేనియా అనే చిన్న దేశపు ఆవిడ అందులో దూకుతూ ఉండేది. మనవరాలు అన్నం తింటూ చూసేది, పక్కన కూర్చుని నేనూ చూసేదాన్ని. ఆవిడ చిన్నపిల్లగా జడ వేసుకుని దూకడం, ఒలింపిక్స్‌కు వెళ్ళడం, చీలమండకు ఆపరేషనై కర్రలతో నడవడం, మళ్ళీ వచ్చి పతకం అందక ఏడవడం, అన్నీ చూశాను. ఆఖరి పోటీలో అడ్డకర్ర పడిపోయింది. ఆవిడ పరుపు మీదే కాసేపు పడుకుని, లేచి, బూట్లు విప్పి చేత పట్టుకుని వెళ్ళిపోయింది. బూట్లు ఇంకా అరగలేదే అని నేనంటే మనవరాలు నా మీద విసుక్కుంది.

ఇప్పుడు ఆవిణ్ణే అడ్డం పెట్టుకుంది. “ఆవిడా మానేసింది కదా. ఎవరైనా తిట్టారా?”

“ఆవిడ ఒలింపిక్స్ చూసి మానింది. నువ్వు గుంటూరైనా చూడలేదు.”

అది మంచం మీద కూర్చుని మోకాలికి చుట్టిన గుడ్డ విప్పింది. చిప్ప కనిపించనంత వాపు. మడవమంటే సగం కూడా మడవలేకపోయింది.

“ఎన్నాళ్ళ నుంచే ఇది?”

“దసరా సెలవుల ముందు నుంచి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఏం చేస్తావు? ఇంకో రెండు గోతాల గడ్డి కుక్కేదానివి.”

నిజమే, కుక్కేదాన్నే. ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. ఇన్నేళ్ళూ చీకట్లో లేచి లేచి, ఇంక నాకూ చాతకావట్లేదని అప్పుడు తెలిసింది. వేడినీళ్ళు పెట్టి, కాపడం పెట్టుకోమని గుడ్డ ఇచ్చి, అవతలికి వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు ఆదివారం. పీఈటీ సారుకు ఫోన్ చేసి మేం రావట్లేదని చెప్పాను. బస్సు వేళ దాటిపోయింది. మనవరాలు నిద్ర లేవలేదు, నేను లేపలేదు. ఆరాధనకు ఒక్కదాన్నే వెళ్ళాను. గుమ్మంలో పాస్టరుగారి భార్య, “మనవరాలు గుంటూరు వెళ్ళిందా అమ్మా?” అని అడిగింది.

“లేదండి. మోకాలు పాడైంది. ఇంక దూకదు,” అని చెప్పి, ఆడవాళ్ళ వైపు చాప మీద చోటు చూసుకుని కూర్చున్నాను.