సుగుణమ్మ టీచరుగారి సోఫా కవరు

నిన్న మా ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. తలుపు మీది ప్లాస్టిక్ పొరను ఓ మూల గోటితో లేపి లాగగానే చర్రుమని చప్పుడైంది. "అప్పుడే ఎందుకండీ? గీతలు పడతాయి," అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. నాకు నవ్వొచ్చింది. అచ్చం ఆ మాటే, అదే కంగారుతో, చదువుకునే రోజుల్లో తార్నాకలో మా సుగుణమ్మ టీచరుగారు అన్నారు. ఆ మాట విన్నందుకు నా కంప్యూటర్ కుంపటైపోయింది.

టీచరుగారిది గుంటూరు వైపు. మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక ఫ్లాట్‌లో ఒక గది అద్దెకిచ్చేవారు. యూనివర్సిటీ హాస్టల్లో సీటు దొరకని నేను ఆ గదిలో చేరాను. ఆ ఇంట్లోకి వచ్చిన ఏ కొత్త వస్తువుకూ ప్లాస్టిక్ ఊడేది కాదు. టీవీ రిమోట్ కవరులోనే ఉండేది. మీటలు సరిగా కనపడక ఛానెల్ మార్చబోతే సౌండు పెరిగేది. హాల్లో సోఫాకైతే దుప్పటంత మందాన ప్లాస్టిక్. ఎండాకాలంలో దాని మీద కూర్చున్న చర్చి పెద్దలు ఒళ్ళు అంటుకుపోయి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లేచేవారు. ఆవిడ మాత్రం సోఫా ఇంకా కొత్తగానే ఉందని మురిసిపోయేవారు.

నేను కంప్యూటర్లో తుపాకుల ఆట ఆడటం చూసి మొదట్లో నొచ్చుకున్నారు. "ఎవరయ్యా వాళ్ళు? నీకేం అపకారం చేశారు?" అని అడిగారు. వాళ్ళే ముందు కాలుస్తున్నారని చెప్పాక కాస్త మెత్తబడ్డారు. నెల తిరిగేసరికి నా వెనక కుర్చీ వేసుకుని, "ఆ గోడ చాటున ఒకడు నక్కాడు, చూసుకో నాన్నా," అని దారి చూపించే దాకా వచ్చారు. ఒకటే షరతు, ఆదివారం ఎవర్నీ చంపకూడదు. అందుకని ఆ రోజు ఆటలో దెబ్బతిన్న మావాళ్ళకు కట్లు కట్టే పని మాత్రమే చేసేవాణ్ణి.

మా జట్టు నాయకుడు సాయిలు నా క్లాసువాడే, ఇల్లు మాణికేశ్వర్ నగర్‌లో. ఎవరింట్లోంచి వాళ్ళం నెట్‌లో కలిసి ఆడేవాళ్ళం. క్యాంపస్ కుర్రాళ్ళు పెట్టుకున్న పోటీలో పక్క డిపార్ట్‌మెంట్‌తో శనివారం సాయంత్రం ఫైనల్ పడింది. చిక్కల్లా నా కంప్యూటర్‌తోనే. ఆట ముదిరేసరికి లోపలి ప్రాసెసర్ వేడెక్కి, తెర మీది బొమ్మ ఆగి ఆగి కదిలేది. నేను తుపాకి ఎత్తేలోపు అవతలివాడు నన్ను కాల్చి, టీ తాగి వచ్చేవాడు.

"చూడు మామా, శనివారం గూడ గిట్ల ఆగిందనుకో, నీ ప్లేస్‌ల ఇంకొకన్ని తీస్కుంట. ఏమనుకోకు," అన్నాడు సాయిలు.

హాస్టల్ లేని నాకు ఆ జట్టే హాస్టల్. అది పోతే క్యాంపస్‌లో నన్ను పేరు పెట్టి పిలిచేవాడే ఉండడు. నాకు నిజంగా భయమేసింది.

సాయిలు చెప్పినట్టే, ప్రాసెసర్ మీద బిగించి దాన్ని చల్లబరిచే కొత్త కూలర్ తెచ్చాను. టీచరుగారు టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డారు. కూలర్ అడుగున, ప్రాసెసర్‌కు ఆనే రాగి పలక మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంది. వాడే ముందు దీన్ని తీసేయమని దాని మీదే ఇంగ్లీషులో రాసి ఉంది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, పిల్లలకు పాఠం చెప్పినట్టు పైకి చదివారు. నేను గోరు పెట్టబోయాను.

"ఉండనీ నాన్నా! కొత్తది. గీతలు పడతాయి."

"తీసేయమని రాశారు కదండీ?"

"కంపెనీవాళ్ళు అట్లాగే రాస్తారు. మా సోఫా మీదా రాశారు."

అంత ఇంగ్లీషు వచ్చినావిడ అన్నాక నిజమే కాబోలనుకుని, కూలర్‌తో వచ్చిన, వేడిని లాగే పేస్టును ఆ పొర మీదే పూసి బిగించాను. ఆట మొదలుపెట్టిన కాసేపటికే కంప్యూటర్ మూలిగి మొత్తానికే ఆరిపోయింది. టీచరుగారు పెట్టె మీద చెయ్యి వేసి, "ఒళ్ళు కాలిపోతోందయ్యా," అని కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు.

శనివారం మధ్యాహ్నం సాయిలు వచ్చి కూలర్ ఊడదీసి, నోరు తెరిచాడు.

"ఏందిరా గిది? ప్లాస్టిక్ తియ్యలేదా? నడుమ గిది ఉంటే కింది వేడి పైకెట్ల పోతది?"

నేను టీచరుగారి వైపు చూడలేదు. ఆవిడే ముందుకొచ్చారు. "వాణ్ణేమీ అనకు బాబూ. నేనే వద్దన్నాను. రెండూ ఒకదాన్నొకటి తాకాలని నాకు తెలియలేదు."

సాయిలు నాలుక కరుచుకుని, పొర చర్రున లాగేసి, మళ్ళీ పేస్టు పూసి బిగించి, ఆటకు టైమవుతోందని ఇంటికి పరిగెత్తాడు.

ఆ సాయంత్రం ఆట నీళ్ళలా సాగింది. నేను ఎక్కడా ఆగలేదు. కానీ వెనక నుంచి ఒక్క మాటా వినపడలేదు. తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. చివర్లో సాయిలు వాళ్ళ గల్లీలో కరెంటు పోయి మేం ఓడిపోయాం. జట్టులో నా చోటు మాత్రం పదిలంగా ఉండిపోయింది. ఆ సంగతి చెబుదామని హాల్లోకి పరిగెత్తాను.

టీచరుగారు కత్తెర పట్టుకుని నేల మీద కూర్చున్నారు. సోఫా ప్లాస్టిక్ చుట్టలు చుట్టలుగా పక్కన పడి ఉంది. లోపలి గుడ్డ ముదురు ఎరుపు, దాని మీద పసుప్పచ్చ పూలు. అరచేత్తో దాన్ని నిమురుతున్నారు.

"మా ఆయన ముచ్చటపడి కొన్నారు. పోయేదాకా దీని మీదే కూర్చుని పేపరు చదివారు," అన్నారు. "ఈ గుడ్డ ఇంత మెత్తగా ఉంటుందని ఆయనకు తెలియదు నాన్నా."

నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని మిగిలిన ప్లాస్టిక్ లాగాను. మర్నాడు చర్చి పెద్దలు వచ్చి ఆ సోఫాలో కూర్చుని, భోజనాల వేళ దాటినా లేవలేదు.

టీచరుగారు ఇప్పుడు లేరు. నేను మాత్రం ఇంటికి ఏం వచ్చినా ముందు కవరు తీస్తాను, ఎవరి మాటా వినను. నిన్న కూడా ఫ్రిజ్ తలుపు మొత్తం ఒలిచేసి, మా ఆవిణ్ణి పిలిచి, ఆవిడ అరచెయ్యి దాని మీద పెట్టించాను.

"చల్లగా ఉంది కదూ?" అన్నాను.

"ఇంకా స్విచ్చే వెయ్యలేదండీ," అంది.

అంది కానీ, చెయ్యి తియ్యలేదు.